చెప్పి చేసిన సన్మానాలు

టీవీలో సినిమావాళ్లకు జరిగే సన్మానాలకు ఈమధ్య ఒక పద్ధతి స్థిరపడిపోయింది. పిలిచేటప్పుడు ఏదో కబుర్ల కార్యక్రమమని పిలుస్తారు. నటుడు వచ్చి కుర్చీలో సర్దుకుని నాలుగు మాటలు చెప్పేలోగా దీపాలు తగ్గుతాయి. తెర మీద చిన్ననాటి ఫొటో పడుతుంది, వెనక వేణువు అందుకుంటుంది. పక్కనున్న తలుపు తెరుచుకుంటే ఎప్పుడో దూరమైన స్నేహితుడో, అక్షరాలు దిద్దించిన మేష్టారో నిలబడి ఉంటారు. నటుడు కళ్లు తుడుచుకుంటాడు. ఆ తుడుచుకోవడం కోసం కెమెరా ముందే అక్కడ కాచుకుని ఉంటుంది. చూస్తూ మా ఇంట్లో వాళ్లూ, వాళ్లతోపాటు నేనూ కళ్లు ఒత్తుకున్న రోజులున్నాయి. కాదనను. కానీ అన్నవరంలో మేం చేసిన సన్మానాల్లో ఆశ్చర్యపోయేది నటుడు కాదు, ఊరు.

మాది కొండ కింద ఊరు. గోదావరి జిల్లా అనగానే కొబ్బరిచెట్లూ కాలవలూ అనుకుంటారు గానీ, పిఠాపురం దాటేసరికే ఆ పచ్చదనం పలచబడుతుంది, మా దగ్గరికొచ్చేసరికి మెట్ట. ఇప్పుడు జిల్లా పేరు కూడా మారి కాకినాడ జిల్లా అయింది. మాకున్నదల్లా రత్నగిరి కొండ, దాని చుట్టూ పంపా, కొండ మీద మీసాల సత్యదేవుడు. 1891లో వెలిసిన స్వామి. తిరుపతికో శ్రీశైలానికో ఉన్న పురాతనత్వం ఆయనకు లేదు. కానీ తెలుగిళ్లలో పెళ్లయినా, గృహప్రవేశమైనా మర్నాడు పీట వేయించుకునేది ఆయనే. మద్రాసు హౌరా రైలుమార్గం, మద్రాసు కలకత్తా రోడ్డు రెండూ ఊరిని ఆనుకునే పోతాయి. అందుకని ఎంతటివాళ్లయినా ఎప్పుడో ఒకప్పుడు మా ఊళ్లో దిగక తప్పేది కాదు.

సినిమావాళ్లు ఎక్కువగా తెల్లవారుజామునే వచ్చేవారు. కొత్తగా పెళ్లయినవాళ్లూ, సినిమా ఆడినవాళ్లూ, ఆడనివాళ్లూ. ఆడనివాళ్లే ఎక్కువ భక్తిగా వ్రతం చేసుకునేవారని కొండమీద పురోహితులు చెప్పుకునేవారు. కారు కొండెక్కడం ఎవరో ఒకరు చూసేవాళ్లు. వ్రత కథ అయిదో అధ్యాయానికి వచ్చేసరికి కింద కాఫీ హోటళ్ల నిండా అదే మాట. ప్రసాదం పొట్లం చేత్తో పట్టుకుని వచ్చినవాళ్లు దిగేసరికి తొలిమెట్టు దగ్గర జనం. అడ్డాకులో కట్టిన ఎర్రనూక ప్రసాదం, వేడికి నెయ్యి ఆకులోంచి కారుతూ ఉంటుంది. పట్టుచీర మీద మరక పడకుండా ఆ పొట్లాన్ని దూరంగా పట్టుకుని నడిచిన ఒక కథానాయిక నాకిప్పటికీ గుర్తు. తెర మీద ఎన్ని కష్టాలు పడినా ఆమె ముఖంలో నేను చూడని కంగారు అక్కడ చూశాను.

అలా వచ్చిపోయేవాళ్లను చూడటం వేరు, సన్మానానికి పిలవడం వేరు. దానికి ముందొక సంఘం పుట్టేది. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి. ఆ తర్వాత చందా పుస్తకం. కిరాణా కొట్టు, బట్టల కొట్టు, రైసుమిల్లు, సత్రాల మేనేజర్లు అందరి దగ్గరికీ తిరిగేవాళ్లు. ఇచ్చినవాడు ఎంతిచ్చాడన్నది పక్కవాడికి తెలియాలి కాబట్టి పుస్తకం విప్పే అడిగేవారు. నటుడికి ఉత్తరం వెళ్లేది, ఆయన దగ్గర్నుంచి తేదీ వచ్చేది, తేదీ మారిందని టెలిగ్రాం వచ్చేది. జట్కాకు రెండు పక్కలా అట్టలు కట్టి, మైకు పెట్టి, కరపత్రాలు విసురుతూ శంఖవరం దాకా, కత్తిపూడి దాకా తిప్పేవారు. మేం పిల్లలం ఆ కాగితాల కోసం బండి వెనక పరిగెత్తి మోకాళ్లు చెక్కించుకునేవాళ్లం. ఇంత చాటింపు వేశాక ఇంక దాచడానికి ఏముంది? నటుడికి అన్నీ తెలుసు, ఏ రంగు శాలువా కప్పుతారో కూడా. ఆయన నిజంగా వస్తాడా రాడా అన్నది మాత్రం కారు వచ్చి ఆగేదాకా ఊరికి తెలియదు.

సభలో అన్నిటికన్నా గట్టిగా నిలిచేది సన్మాన పత్రం. ఇప్పటి పిల్లలు దాన్ని చూసి ఉండరు. నిగనిగలాడే సాటిన్ గుడ్డ మీదో, దళసరి కాగితం మీదో అచ్చు వేయించి, అద్దం బిగించి, చుట్టూ జరీ అంచు అంటించి, బరువుగా ఉండే ఒక పటం. మా నాన్నగారు హైస్కూల్లో తెలుగు పండితులు. చుట్టుపక్కల ఎవరికి సన్మానం జరిగినా పత్రం రాయమని ఆయన దగ్గరికే వచ్చేవారు. బదిలీ అయి వెళ్లే తహశీల్దారుకు రాసిన పద్యంలో తలకాయ మార్చి, వచ్చే తహశీల్దారుకు ఇచ్చేసిన సందర్భాలు కూడా ఉన్నాయి. సినిమావాళ్లకు మాత్రం ఎప్పుడూ కొత్తగానే రాసేవారు.

సీస పద్యంలో సినిమా పేర్లు పొదగడం ఆయన సరదా. పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. “మిస్సమ్మ” అచ్చమైన తగణం. “గుండమ్మ” కూడా అంతే. “పాతాళభైరవి” విరిస్తే ఒక తగణం, ఒక భగణం. “లవకుశ” నాలుగూ లఘువులు, అంటే నలం. “ఈ పేర్లు పెట్టినవాడెవడో గానీ వాడికి ఛందస్సు తెలుసురా” అనేవారు, పొయ్యి దగ్గర అమ్మకు వినపడేలా. “మాయాబజార్” మాత్రం చాలాకాలం లొంగలేదు. చివర పొల్లు మింగుడు పడేది కాదు. ఒకరోజు భోజనం మధ్యలో చెయ్యి ఎత్తి ఆగిపోయారు. పొల్లుకు ఉకారం చేరిస్తే “మాయాబ” పాదంలో ఆరో గణంగా కూర్చుంటుంది, “జారు” ఏడోదై సూర్యగణంగా సరిపోతుంది. ఎస్వీ రంగారావుగారి మీద రాస్తున్న పద్యం అది. ఆయనెప్పుడూ మా సభకు రాలేదు, ఎవరూ పిలవనూ లేదు. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాలతో పైకొచ్చిన మనిషి, అగ్నిమాపక శాఖ ఉద్యోగం వదిలి సినిమాల్లోకి వెళ్లిన మనిషి, మన వైపు మనిషి, ఏనాటికైనా స్వామి దగ్గరికి రాకపోతాడా అని ముందే రాసి పెట్టుకున్నారు. 1974 జూలైలో మద్రాసులో ఆయన పోయారన్న వార్త పేపర్లో చూసి, ఆ పద్యాన్ని స్కూలు సంతాప సభలో చదివారు. చివరి పాదం మార్చవలసి వచ్చింది.

పెద్దాపురం మాకు ఎంతో దూరం కాదు. అంజలీదేవిది ఆ ఊరే. ఆవిడ మీద రాసిన పద్యంలో “లవకుశ” నల్లేరు మీద బండిలా నడిచింది గానీ “సువర్ణసుందరి” మొదలే జగణం, సీసంలో దానికి చోటు లేదు. పేరును రెండు గణాల మధ్య విరిచి ఎలాగో ఇరికించి, “బావుండలేదు, ఆవిడ ఏమనుకుంటుందో” అని నొచ్చుకున్నారు. ఆవిడ ఆ పద్యం చూసే అవకాశమే లేదని ఆయనకు గుర్తు చేసేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు.

రాయడం ఒక ఎత్తు, అచ్చు ఇంకో ఎత్తు. తుని ప్రెస్సులో సీసపక్షరాలు ఒక్కొక్కటీ ఏరి కూర్చేవారు. పద్యానికి కావలసిన వత్తులు ఎప్పుడూ చాలేవి కావు. కంపోజిటరు ఫోర్‌మన్‌ను అడిగేవాడు, ఫోర్‌మన్ మా నాన్నగారిని అడిగేవాడు: “మేష్టారండీ, ణకారం వత్తులు అయిపోయాయండి, ఈ మాటకు ఇంకోటేదన్నా సర్దుతారా?” యతి చెడకుండా ప్రెస్సు గుమ్మంలో నిలబడే ఆయన మాట మార్చేవారు. బంగారు రంగు సిరా ఆరకముందే ఎవరో వేలు పెట్టేవారు. ఆ మరకతోనే పటం కట్టేవారు. కింద “ఇట్లు, సన్మాన సంఘ సభ్యులు” అని ఉండేది. రాసినాయన పేరు ఎక్కడా ఉండేది కాదు.

సభలో ఆ పత్రాన్ని రాగయుక్తంగా చదవాలి. చదువుతున్నంతసేపూ సన్మానం అందుకునేవాడు నిలబడాలి. మెడలో దండలు గడ్డం దాకా, భుజాన శాలువా, మే నెల ఉక్క, పైన పెట్రొమాక్సు చుట్టూ పురుగులు. తెర మీద పది పేజీల డైలాగు గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు కూడా ఇక్కడ ఏం చెయ్యాలో తెలియక చేతులు కట్టుకుని నిలుచునేవాడు. తనను ఎదురుగా పెట్టుకుని తన గొప్పతనం పద్యంలో చదువుతుంటే ఏ మనిషైనా ఎంతసేపు ముఖం నిలుపుకోగలడు? ఆ ఇబ్బందే మాకు వేడుక. కన్నీళ్లు అవసరం లేదు.

అసలు మెచ్చుకోవడం మాకు సినిమాతో వచ్చిన అలవాటు కాదు. వైశాఖ శుద్ధ ఏకాదశికి స్వామివారి కల్యాణం. ఆ రోజుల్లో హరికథలు, బుర్రకథలు, పద్య నాటకాలు తెల్లవార్లూ సాగేవి. కృష్ణుడి పద్యం కుదిరిందంటే “వన్స్‌మోర్” అని అరుపులు. ఎంతటి రాయబారమైనా ఆగి మళ్లీ మొదలుకావలసిందే. ఎవరికి నచ్చినా లేచి స్టేజీ దగ్గరికి వెళ్లి చదివింపు ఇచ్చేవారు. “ఫలానా ఊరి కాపురస్థులు ఫలానావారు కృష్ణ పాత్రధారి గారికి పది రూపాయలు చదివించారు” అని మైకులో ప్రకటన. కౌరవుల కొలువు మధ్యలో ఈ ప్రకటనలు రావడం ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండేది కాదు. దుర్యోధనుడు కూడా ఓపిగ్గా ఆగేవాడు, తన వంతు వస్తుందని. ఆ పది రూపాయల నోటు ఏ పథకం లేకుండా, ముందు అనుకోకుండా, ఆ పద్యం వినగానే జేబులోంచి వచ్చిన నోటు. టీవీవాళ్లు ఇంత ఖర్చుపెట్టి తయారుచేసే ఆశ్చర్యం మా నాటక పందిట్లో రాత్రికి పదిసార్లు జరిగేది.

తెర వెనకనుంచి పాత స్నేహితుడు రావడం అంటారా, అదీ జరిగింది. ఒక హాస్యనటుడు, పేరెందుకులెండి, మా సభకు వచ్చాడు. పత్రం చదవడం అయింది, శాలువా అయింది, ఆయన మైకు పట్టుకున్నాడు. కట్టిన తాడు అవతల వాలంటీర్లతో ఒక ముసలాయన పెనుగులాడుతున్నాడు. పంచె, భుజాన తువ్వాలు, పళ్లు లేవు. నటుడు గొంతు విని మాట మధ్యలో ఆపి, “ఒరేయ్, వాణ్ణి వదలండిరా, నా దగ్గరికి రానివ్వండి” అన్నాడు. ముసలాయన స్టేజీ ఎక్కాడు. ఇద్దరూ వెనకటికి ఒకే నాటక సమాజంలో తిరిగారట. వాటేసుకుంటారని జనమంతా లేచి నిలుచున్నారు. ముసలాయన మైకులోకి వంగి, “హార్మోనియం పెట్టె పట్టికెళ్లావు. డబ్బులు పంపుతానన్నావు. ఇప్పటిదాకా అజాపజా లేవు” అన్నాడు. నటుడు ఏ మాత్రం తొణక్కుండా, “ఆ పెట్టెలో నాలుగు మెట్లు పలికేవి కావురా. సగం ధరే ఇస్తాను” అన్నాడు. పందిరి కూలిపోతుందేమో అన్నంత నవ్వు. ఆ తర్వాత ఇద్దరూ బేరం మొదలుపెట్టారు, నిజంగానే, మైకు ముందే. ఎంతకు తెగిందో చప్పట్లలో వినపడలేదు. టీవీలో అయితే ఆ ముసలాయన్ను ముందురోజే రప్పించి, లాడ్జిలో ఉంచి, ఏం మాట్లాడాలో చెప్పి తెర వెనక నిలబెడతారు. హార్మోనియం సంగతి ఎడిటింగులో పోతుంది.

సన్మానం అందుకోవడం తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, చెయ్యడం తెలిసిన నటుడంటే నాకు రాజబాబే. రాజమండ్రి మనిషి, పుణ్యమూర్తుల అప్పలరాజు. తన పుట్టినరోజు వస్తే జనం తనకు దండలు వేస్తారని చూడలేదు, ఏటా తనకంటే పాత నటుణ్ణో నటినో పిలిచి సత్కరించేవాడు. రేలంగి, సూర్యకాంతం, సావిత్రి అలా ఆయన చేత సన్మానం అందుకున్నవాళ్లే. రేలంగికి 1970లో పద్మశ్రీ వచ్చింది, ప్రభుత్వం ఇచ్చింది. తన తర్వాతి హాస్యనటుడు పిలిచి శాలువా కప్పడం దానికి తక్కువేమీ కాదని నా లెక్క, ఎందుకంటే పోటీదారుడి చప్పట్లు కొనడం కష్టం. కోరుకొండ కాలేజీకి డబ్బిచ్చిందీ ఆయనే. అంత నవ్వించినవాడు 1983లో వెళ్లిపోయాడు.

ముందు చెప్పకుండా పిలిచి సత్కరించే పద్ధతి మనవాళ్ల బుర్రలో పుట్టింది కాదు. అమెరికాలో రాల్ఫ్ ఎడ్వర్డ్స్ అనే ఆయన 1948లో రేడియోలో మొదలుపెట్టి, 1952లో టీవీకి తెచ్చాడు. కార్యక్రమం పేరు “దిస్ ఈజ్ యువర్ లైఫ్”. 1954 డిసెంబరు 1న మనందరికీ తెలిసిన లారెల్, హార్డీలను ఒక హోటల్లో పట్టుకున్నారు. అది ప్రత్యక్ష ప్రసారం. వాళ్లు హోటల్లోంచి స్టూడియోకు తీరిగ్గా వచ్చేదాకా ఎడ్వర్డ్స్ మాటలతో కాలం గడపవలసి వచ్చింది. రిహార్సల్ లేకుండా కెమెరా ముందుకు లాగారని లారెల్‌కు నచ్చలేదు. ఒక చిన్న నవ్వు కోసం ఎంతో సాధన చేసే మనిషికి నచ్చకపోవడంలో వింతేముంది? బీబీసీ వాళ్లు 1955లో అదే కార్యక్రమాన్ని ఎర్ర అట్ట పుస్తకంతో మొదలుపెడితే, 1961లో డానీ బ్లాంచ్‌ఫ్లవర్ అనే ఫుట్‌బాల్ కెప్టెన్ “నాకొద్దు” అని వెళ్లిపోయాడు. ఆ మాట అనగలగడం నాకు ఇష్టం. మా సభల్లో ఇష్టం లేనివాడు టెలిగ్రాం కొట్టి ఊరుకునేవాడు, కెమెరా ముందు అలా చెప్పే అగత్యం ఎవరికీ రాలేదు.

హిందీలో జీ టీవీ వాళ్లు 1990ల చివర “జీనా ఇసీ కా నామ్ హై” అని ఆ వరసలోనే నడిపారు. దాన్ని నడిపిన నటుడు ఫరూఖ్ షేక్ పలకరింపు మర్యాదగా ఉండేది, గుచ్చి ఏడిపించేవాడు కాదు. తెలుగులో అచ్చంగా అలాంటి ఎర్ర పుస్తకం కార్యక్రమం పాతుకోలేదు గానీ, ఆ మసాలా అన్ని కార్యక్రమాల్లోకీ వచ్చేసింది. బాలకృష్ణ “ఆహా”లో 2021 నుంచి నడిపిన కబుర్లలో మధ్యలో ఫోన్లు, అనుకోని అతిథులు. ఈటీవీలో “ఆలీతో సరదాగా” మాత్రం నాకు నచ్చేది. ఆలీ రాజమండ్రి కుర్రాడు, “సీతాకోకచిలుక” నాటి నుంచి సినిమాల్లో పెరిగినవాడు, ఎదుటి మనిషి ఎక్కడ మెత్తబడతాడో తెలిసినా అక్కడ వేలు పెట్టి నొక్కడు. ఎక్కడో ఉండిపోయిన పాత నటీనటుల్ని వెతికి కూర్చోబెట్టాడు. టీవీ చేసిన మంచిపని అది.

కానీ ఒక్క లెక్క నన్ను కలవరపెడుతుంది. ఈటీవీ మొదలైంది 1995 ఆగస్టులో. రంగారావు 1974లో పోయారు, రేలంగి 1975లో. సావిత్రి 1981లో, రాజబాబు 1983లో. మా పక్కనే రాపర్తి నుంచి వెళ్లి, “సీతారామ కల్యాణం”లో రాముడై, చివరికి ఎవరికీ పట్టకుండా పోయిన హరనాథ్ 1989లో. కాకినాడ దగ్గర పుట్టి, సెట్లో అందరికీ వండి తెచ్చి పెట్టిన సూర్యకాంతం 1994 డిసెంబరులో. ఇంకో ఎనిమిది నెలల పైచిలుకు ఆగితే ఆవిడకు ఒక చానెల్ ఉండేది. ఏడవడానికి, నవ్వడానికి, పాత కథలు చెప్పడానికి అందరికంటే ఎక్కువ సరుకున్నవాళ్లు ఆ కుర్చీ రాకముందే వెళ్లిపోయారు. వాళ్లకు మిగిలింది ఊరూరా ఇచ్చిన ఆ అద్దం పటాలే. అవి మద్రాసులో ఎవరి అటక మీద ఉన్నాయో, ఉన్నాయో లేవో.

మా సభలు ఎప్పుడు ఆగాయంటే ఒక తేదీ చెప్పలేం. హైదరాబాదులో దూరదర్శన్ 1977లోనే వచ్చినా మా వైపు బొమ్మ పడటానికి 1980ల మధ్య దాకా పట్టింది. నటుడు ప్రతి ఇంటి ముందుగదిలోకీ వస్తున్నప్పుడు ఆయన్ను చూడటానికి చందా ఎవడిస్తాడు? పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదు తరలింది. ఉత్తరం రాస్తే మేనేజరు తీసేవాడు, తర్వాత రేటు చెప్పేవాడు. సీసపక్షరాల ప్రెస్సులు మూతపడ్డాయి, ఫ్లెక్సీ వచ్చింది. ఫ్లెక్సీ మీద సీస పద్యం ఎవరు చదువుతారు, కారులో పోతూ? మా నాన్నగారు రిటైరయ్యాక స్కూలుకు వచ్చిన తెలుగు మేష్టారు మంచివాడే గానీ పద్యం కట్టడు. ఇప్పుడు కొండమీదికి నటులు వస్తే వేద పండితులు ఆశీర్వచనం చేసి, శేషవస్త్రం కప్పి, ప్రసాదం ఇస్తారు. సెల్‌ఫోన్లు ఎత్తిన చేతుల మధ్యలోంచి పది నిమిషాల్లో కారెక్కేస్తారు.

అన్నిటికంటే నాకు లోటుగా అనిపించేది సభ కాదు, మర్నాడు. పొద్దున్నే సంఘం సత్రం అరుగు మీద లెక్క చూసేది. మైకు, షామియానా, దండలు, జట్కా, ప్రెస్సు, నటుడి డ్రైవరు భోజనం, ఎస్సై గారికి సోడాలు. దండలు పదహారని పూలవాడు, పద్నాలుగే వేశామని కార్యదర్శి. అద్దం పటానికి మేకులు విడిగా పడ్డాయని ఒకడు, శాలువా అసలు ధరెంతో బట్టల కొట్టు బిల్లు చూపించమని ఇంకొకడు. చందా ఇచ్చినవాళ్లంతా చుట్టూ మూగి ఎవరి మాట వాళ్లది. మధ్యలో రాత్రి సభ మళ్లీ మొదటినుంచీ చెప్పుకోవడం, నటుడి నడక అనుకరించడం, హార్మోనియం బేరం గుర్తొచ్చి మళ్లీ నవ్వడం. ఆ ముసలాయన సభ సాయంత్రమే కోశాధికారి దగ్గర ఏడు రూపాయలు బస్సు చార్జీ పుచ్చుకున్నాడని అప్పుడే బయటపడింది. పుస్తకంలో మాత్రం ఎక్కలేదు. కోశాధికారి ఇచ్చానంటాడు, కార్యదర్శి రసీదేదీ అంటాడు. ఆ ఏడు రూపాయల మీద వాళ్లిద్దరూ వచ్చే కల్యాణం దాకా మాట్లాడుకోలేదు.